గ్రీజు కొట్టిన కాణ్ణుంచి

మా పశువుల కొట్టంలో ఇప్పుడు పశువుల్లేవు. ఒక మాస్సీ 1035 ఉంది. 1983లో మా నాన్న కొన్నాడు. ఇంగ్లండులో కొవెంట్రీ కార్ఖానా నుంచి వచ్చిన మాస్సీ ఫెర్గుసన్ 35 వంశం అది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే వాళ్ళు ఇక్కడ తయారుచేశారు. నలభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. దాన్ని పాడుచెయ్యడానికి నేను చేసిన ప్రయత్నాలన్నిటినీ తట్టుకుని మరీ అందుకుంటోంది. ఆ ప్రయత్నాల్లో పెద్దది పీటీఓ రిపేరు.

తెలియనివాళ్ళకి ఒక్క మాట. ట్రాక్టరు వెనక్కి వెళ్ళి చూస్తే, రెండు పెద్ద చక్రాల నడుమ ఒక చిన్న ఇనప మొలక బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. అదే పీటీఓ. ఇంజిను బలాన్ని చక్రాలకి బదులు వెనక తగిలించిన మిషనుకి ఇస్తుంది. మందం అంగుళం మీద మూడు నూళ్ళు, అంటే 35 మిల్లీమీటర్లు. చుట్టూ ఆరు పళ్ళు. నిమిషానికి 540 చుట్లు. ఏ కంపెనీ ట్రాక్టరుకైనా ఏ కంపెనీ మిషనైనా తగలాలని 1920లలో అమెరికాలో కొలతల మీద ఒప్పందాలు మొదలయ్యాయి. వాటి పుణ్యమే మా ఊరి నూర్పిడి మిషను మా ట్రాక్టరుకి తగిలింది. ముప్ఫై హార్స్‌పవర్ ఆ వేగంతో పోతుంటే ఆ మొలక మీద పడే మెలి ఎంతో తెలుసా? మీటరు పొడుగు గడ ఒక కొసని దానికి బిగించి, రెండో కొసన నలభై కిలోల మూట వేలాడదీసినంత. ఈ లెక్క నాకు అప్పుడూ తెలుసు. బీయస్సీ ఫిజిక్సు చదివాను. నా కథలో అసలు జబ్బు అదే.

1998 కనుమ నాడు మొదలైంది. నాన్న పోయి రెండేళ్ళు. తాళాలు నా చేతికొచ్చాయి, దాంతోపాటు నాన్న కాలం నుంచి పదిహేనేళ్ళుగా బండి తోలుతున్న డ్రైవరు కూడా. వరస లేకపోయినా నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయిగారూ అనేవాడు. కనుమకి ఎడ్లకి చేసే మర్యాదలన్నీ మేం ట్రాక్టరుకి చేసేవాళ్ళం. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మూతికి బంతిపూల దండ. ఆ ఏడు నాకు ఇంకొంచెం భక్తి ఎక్కువైంది. నూర్పిడి మిషనుకి వెళ్ళే జాయింటు షాఫ్టుని కూడా ఊడదీసి శుభ్రం చేస్తానన్నాను.

ఆ షాఫ్టు రెండు ముక్కలు. నలుచదరపు గొట్టంలో నలుచదరపు కడ్డీ దూరి ఉంటుంది. అటొక క్రాసు, ఇటొక క్రాసు, వాటిని పట్టుకునే చెవుల యోకులు. రెండు ముక్కలూ లాగేశాను, కిరసనాయిలుతో కడిగాను, గ్రీజు దట్టంగా పూసి మళ్ళీ దూర్చాను. హాయిగా జారింది. చేతులు తుడుచుకుంటూ బాబాయి వంక గర్వంగా చూశాను. ఆయన గంగిరెద్దులవాడికి చిల్లర కోసం లోపలికి వెళ్ళి అప్పుడే వస్తున్నాడు. నేను దూర్చడం చూళ్ళేదు.

మా వైపు వరి కోతకి ముందే మడిలో మినుములు చల్లుతాం. ఫిబ్రవరి, మార్చిల్లో పీకి కుప్పేస్తాం. మిషను రాక ముందు కళ్ళంలో పరిచి ట్రాక్టరుతో తొక్కించేవాళ్ళం. మిషనొచ్చాక ఆ పని ఒక పూటలో తేలిపోతోంది. ఆ ఏడు మొదటి కుప్ప దగ్గరే బాబాయి నా దగ్గరికొచ్చి, "సద్దు మారిందండీ," అన్నాడు.

విన్నాను. నిజమే. లోపల ఎవరో సుత్తితో సన్నగా కొడుతున్నట్టుంది.

"ఎప్పట్నుంచి బాబాయ్?"

"తమరు గ్రీజు కొట్టిన కాణ్ణుంచండీ."

కళ్ళంలో పది మంది ఉన్నారు. "గ్రీజు కొడితే సద్దు తగ్గుతుంది గానీ పెరుగుతుందా?" అన్నాను. అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. ఆ నవ్వుతో ఆ విషయం ముగిసిపోయింది. సంవత్సరం పాటు మళ్ళీ తెరవలేదు.

ఆ సీజను చివరికి వచ్చేసరికి పీటీఓ పళ్ళు చూస్తే, ఒక పక్క అరిగి వాలిపోయి ఉన్నాయి. పీటీఓకి తొడిగే జాయింటు యోకు దాని మీద ఊగుతోంది. పాత బండి కదా, అరుగుతుంది అనుకున్నాను. ఎంత సుఖమైన ఆలోచనో చూడండి. బండి పాతదైతే తప్పు ఎవరిదీ కాదు.

మొదటి వైద్యం హాక్సా బ్లేడు. ముక్కలు విరిచి, పళ్ళ సందుల్లో దోపి, యోకుని సుత్తితో దిగ్గొట్టాను. రెండు రోజులు సద్దు లేదు. మూడో రోజు ఆ ముక్కలు ఒక్కోటీ బుల్లెట్లలాగా ఎగిరి మినప కుప్పలో పడ్డాయి. ఎవరి పప్పులో తేలాయో నాకు తెలీదు. ఈ దెబ్బల్లో యోకు లాకు పిన్ను కూడా విరిగింది. పిన్ను బదులు కట్టుకమ్మి చుట్టి, కొసలు మెలేశాను. ఆ కమ్మి గురించి మళ్ళీ చెబుతాను.

రెండో వైద్యం వెల్డింగు. పీటీఓ షాఫ్టు ఊడదీసి, అరిగిన పళ్ళ మీద వెల్డింగు పోయించి, గ్రైండరుతో మళ్ళీ పళ్ళు కోయించాను. పని చేసినవాణ్ణి అనను. వాడు, "ఇది గట్టి ఇనుమండీ, నిలవదు," అంటూనే ఉన్నాడు. నేనే పక్కన స్టూలేసుకుని కూర్చుని చెప్పి మరీ చేయించాను. పీటీఓ షాఫ్టు మామూలు ఇనుము కాదు, వేడిచేసి చల్లార్చి పైపొరని గట్టిపరిచిన ఉక్కు. దాని మీద మామూలు రాడ్డుతో వెల్డింగు పోస్తే, పోసింది మెత్తగా ఉంటుంది. దాన్ని ఆనుకుని వేడెక్కిన ఉక్కు పెళుసెక్కుతుంది. ఒకే పక్క వేడి తగిలితే షాఫ్టు సన్నగా వంకర కూడా పోతుంది. మనకి కనపడదు, తిరిగేటప్పుడు ఆయిల్ సీలుకి కనపడుతుంది.

సీలు కారడం మొదలెట్టింది. మార్చాను. మళ్ళీ కారింది. మళ్ళీ మార్చాను. మూడోసారి స్పేరు పార్టుల కొట్టుకెళ్ళి డూప్లికేటు సరుకు అమ్ముతున్నారని గొడవపడ్డాను. ఆ కొట్టు పెద్దాయన ఏమీ అనకుండా ఇంకో సీలిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆ సీలు తప్పూ లేదు, ఆయన తప్పూ లేదు. గ్రైండరు పట్టిన పళ్ళ అంచులు కత్తుల్లా ఉన్నాయి, నేను రబ్బరు సీలుని వాటి మీదుగా తోసి ఎక్కిస్తున్నాను. పెదవి తెగిపోకుండా ఎలా ఉంటుంది? జులైలో దమ్ము చేసేటప్పుడు బురదనీళ్ళు అదే దారిన లోపలికి పోయాయి. ఆయిలు తీసి చూస్తే టీ రంగులో, పాలు పోసినట్టుంది. ముప్ఫై లీటర్ల పైచిలుకు పారబోసి కొత్తది పోశాను. ఖర్చులన్నీ ఒక డైరీలో రాశాను. మొత్తం ఎంతో మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు, మీకూ చెప్పను.

మరుసటి జనవరిలో, అంటే 1999లో, బుద్ధొచ్చి కొత్త షాఫ్టు కొన్నాను. కొత్త బేరింగు, కొత్త సీలు. పాత యోకు, పాత జాయింటు, అదే కమ్మి. మూడు వారాలకి కొత్త పళ్ళ మీద గోరు పెట్టి గీస్తే మెట్టు తగిలింది. మళ్ళీ అదే పక్క.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ మెట్టు వేలికి తగిలినప్పుడు నాకు ఏదో తెలిసింది. కొత్త ఉక్కు మూడు వారాల్లో ఇలా అరగదు, కారణం షాఫ్టులో లేదు. అది తెలియడానికి బీయస్సీ అక్కర్లేదు. కానీ షాఫ్టులో లేకపోతే జాయింటులో ఉండాలి, జాయింటు మీద చెయ్యేసింది నేనొక్కణ్ణే. ఆ ఆలోచన గడప దాకా వచ్చింది, నేను తలుపు వేసేశాను. "కంపెనీ సరుకు పూర్వంలా లేదు," అని పైకి అన్నాను కూడా.

ఆ వారంలోనే, మధ్యాహ్నం అన్నాలయ్యాక, మిషను మళ్ళీ మొదలెట్టాం. నూర్పిడి దుమ్ముకి బాబాయి రోజూ తువ్వాలుని ముక్కుకీ మెడకీ కలిపి బిగించి చుట్టుకునేవాడు. ఆ పూట చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఊరికే భుజాన వేసుకొచ్చాడు. సీలు మళ్ళీ కారుతోందేమో చూద్దామని వెనక్కి వంగాడు. పీటీఓ మీద ఉండాల్సిన రేకు మూత లేదు. కమ్మి చుట్టడానికి అడ్డమొస్తోందని నేనే తీసి అటక మీద పడేశాను.

టప్పుమని ఒక సద్దు. అంతే. భుజం మీద తువ్వాలు లేదు.

నేను ఉరికి ఇంజిను ఆపే నాబు లాగాను. అంతా ఆగాక చూస్తే తువ్వాలు కమ్మి చుట్టూ, యోకు చుట్టూ, పురికొస చుట్టినంత బిగువుగా చుట్టుకుని ఉంది. 540 అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. చెయ్యి వెనక్కి లాక్కుందామని మనం అనుకునే లోపల రెండు గజాల గుడ్డ లోపలికి వెళ్ళిపోయింది. కమ్మి కొసలు రెండూ, నేను మెలేసి వదిలేసిన కొసలు, తిరిగేటప్పుడు కంటికి కనపడవు. అవే పట్టుకున్నాయి. తువ్వాలు విప్పడానికి రాలేదు. కొడవలితో కోశాం.

బాబాయి ఆ పేలికలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "కొత్తదండీ. పండక్కి మా అమ్మాయి పెట్టింది," అన్నాడు.

ఆ సాయంత్రం మిషను నడపలేదు. నాన్న ట్రాక్టరు కొన్న 1983లోనే పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది, నూర్పిడి మిషన్లలో చేతులు పోగొట్టుకుంటున్నవాళ్ళ కోసమే. దాని సంగతి నాకు అప్పుడు తెలీదు. తెలిసినా ఏమవుతుంది? రేకు మూత అటక మీద ఉందని నాకు ఏ చట్టమూ చెప్పక్కర్లేదు. రాత్రి పడుకుంటే, తువ్వాలు మెడకి చుట్టుకున్న బాబాయే కళ్ళ ముందు కనపడ్డాడు. మామూలుగా రోజూ ఉండేట్టు.

తెల్లారి షాఫ్టు ఊడదీసి, జాయింటుతో సహా గోనెలో చుట్టి, బస్సు టాపు మీద వేసుకుని ఇద్దరం బెజవాడ ఆటోనగర్ వెళ్ళాం. ఒక ముసలి మేస్త్రి దగ్గరికి. చొక్కా లేదు, కళ్ళద్దాలకి ఒక పక్క దారం కట్టుంది. షాఫ్టు చేతిలోకి తీసుకుని అరుగు చూశాడు. నేను వెల్డింగు పోయించిన పాత షాఫ్టు కూడా తీసుకెళ్ళాను, చూపించాను. ఎందుకు తీసుకెళ్ళానో నాకే తెలీదు, బహుశా మెచ్చుకుంటాడనేమో. దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి, "కట్టుడు పళ్ళు," అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు.

"సద్దు ఎప్పట్నుంచి?"

"పోయినేడు సీజన్నుంచి," అన్నాను.

నా వెనకనుంచి, ఏ కోపమూ లేకుండా, ఏ వెటకారమూ లేకుండా, "అబ్బాయిగారు కనుమకి గ్రీజు కొట్టిన కాణ్ణుంచండీ," అన్నాడు బాబాయి.

మేస్త్రి షాఫ్టు కింద పెట్టేశాడు. గోనె విప్పి జాయింటుని నేల మీద పొడుగ్గా పరిచాడు. వంగి, ఈ కొసా ఆ కొసా చూశాడు. చూసి రెండు ముక్కలూ లాగాడు. ఒక ముక్కని పావు చుట్టు తిప్పాడు. మళ్ళీ దూర్చాడు. అంతసేపూ కలిపి రెండు సెకన్లు పట్టిందేమో.

"ఇప్పుడు చూడు బాబూ," అన్నాడు.

చూశాను. ఇంతకు ముందు ఒక కొసన యోకు చెవులు నిలువుగా, రెండో కొసన అడ్డంగా ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే వరసలో ఉన్నాయి. నలుచదరపు కడ్డీ నాలుగు రకాలుగా దూరుతుంది. రెండు ఒప్పు, రెండు తప్పు. కనుమ నాడు నేను తప్పుగా దూర్చాను. గ్రీజుకి హాయిగా జారిందని సంతోషించాను.

క్రాసు జాయింటు వంపులో తిరిగేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. ఇటువైపు వేగం నిలకడగా ఉన్నా, అటువైపు వేగం చుట్టుకి రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. రెండో కొసన ఉన్న క్రాసు ఆ హెచ్చుతగ్గుల్ని సరిచేస్తుంది, చెవులు ఒకే వరసలో ఉంటేనే. పావు చుట్టు తేడాగా పెడితే సరిచెయ్యకపోగా ఆ కుదుపుని రెట్టింపు చేస్తుంది. సెకనుకి తొమ్మిది చుట్లు, చుట్టుకి రెండు కుదుపులు. అంటే సెకనుకి పద్దెనిమిది సుత్తి దెబ్బలు, ఆ ఆరు పళ్ళ మీద, ఏడాదిపాటు. ఈ సమీకరణాన్ని నేను ఇప్పటికీ కాగితం మీద రాసి చూపించగలను. నేల మీద పడున్న జాయింటుని మాత్రం పదమూడు నెలలు చూసి కూడా చూళ్ళేదు.

ఎవరూ ఏమీ అనలేదు. మేస్త్రి బీడీ వెలిగించాడు. బాబాయి రోడ్డు మీద పోయే లారీల్ని చూస్తున్నాడు. నాకు మాత్రం కళ్ళంలో నవ్విన పది మంది నవ్వూ, వాళ్ళతో కలిసి నవ్విన బాబాయి మొహమూ ఒకదాని తర్వాత ఒకటి కనపడ్డాయి. ఆయన నాకు రోజుతో సహా చెప్పాడు. ఏ రోగమైనా ఎప్పుడు మొదలైందో రోజు తెలిస్తే సగం వైద్యం అయిపోయినట్టే. కానీ ఆ రోజు మీద నా పేరుంది. అందుకని హాక్సా బ్లేడు దగ్గర్నుంచి కొత్త షాఫ్టు దాకా అన్నీ మార్చాను, ఆ ఒక్క రోజు జోలికి వెళ్ళలేదు.

తర్వాత మేస్త్రి నా పాత యోకుని సరికొత్త షాఫ్టు ఒకదాని మీద ఎక్కించి వేలితో ఊపాడు. టకటక కొట్టుకుంది. కొత్త యోకు ఎక్కిస్తే సద్దు లేదు. "కొత్త పళ్ళు పెట్టించుకుని రాళ్ళన్నం తింటున్నావు బాబూ," అన్నాడు. జాయింటు తిన్నగా పెట్టినా ఇప్పుడు ఈ యోకు పనికిరాదు, కొత్త షాఫ్టుని కూడా తినేస్తుంది, మారిస్తే జతగా మార్చాలి అని అర్థం.

మర్నాడు కుర్రాణ్ణొకణ్ణి వెంటేసుకుని మా ఊరొచ్చి ఆయనే బిగించాడు. వెనకున్న నాలుగు బోల్టులు, బేరింగు, సీలు. సీలు ఎక్కించే ముందు షాఫ్టు పళ్ళకి ఖాళీ ఆయిలు కవరొకటి తొడిగి, దానికి కాస్త ఆయిలు పూసి, సీలుని దాని మీదుగా మెల్లిగా జార్చి, కవరు లాగేశాడు. నేను మూడు సీళ్ళు కోసేసిన చోట ఆ మనిషికి ఒక ప్లాస్టిక్ కవరు సరిపోయింది. కొత్త యోకు పిన్ను గాడిలోకి టక్కుమని పడేదాకా వదల్లేదు. పట్టుకుని వెనక్కి లాగి చూడమన్నాడు. లాగాను, రాలేదు. జాయింటు మధ్యలో గొట్టం మీదా కడ్డీ మీదా ఉలితో చెరొక గాటు పెట్టి, "రెండు గాట్లూ ఎదురెదురుగా ఉండాలి," అన్నాడు. నాకు కాదు, బాబాయికి చెప్పాడు.

అటక మీంచి రేకు మూత నేనే దించి బిగించాను. బాబాయికి తువ్వాలు కొనిస్తే రెండేళ్ళు వాడలేదు, పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆ షాఫ్టే ఇప్పటికీ ఉంది. సీలు తర్వాత ఒక్కసారే మార్చాం. బాబాయి పోయి ఆరేళ్ళయింది. గాట్లు ఇంకా కనపడుతున్నాయి, గ్రీజు తుడిస్తే.

మీ ఇంట్లోనూ ఒక పాత ట్రాక్టరుండొచ్చు. ఇది చదవడం అయ్యాక ఒకసారి వెళ్ళి చూడండి. పిన్నుండాల్సిన చోట కమ్మి కనపడితే, ముందు ఇంజిను ఆపి, తాళం జేబులో వేసుకుని, అప్పుడు దగ్గరికి వెళ్ళండి. బండి తోలే మనిషిని పిలిచి సద్దు ఎప్పట్నుంచి అని అడగండి. పక్కన నలుగురు లేనప్పుడు అడగండి.